గుడ్డూ పెట్టిన గుడ్లు

మా ఇంట్ల ఒక చిప్కలీకి పేరుంది. గుడ్డూ. పేరు పెట్టింది మా చిన్న బేటీ. ఉర్దూ ఇండ్లల్ల గుడ్డూ అంటే ముద్దుపేరు, మొగపిల్లగాండ్లను పిలుస్తం. మంచిర్యాలల గల్లీకొక గుడ్డూ భాయి దొరుకుతడు. తెలుగుల ఆ మాటకు మానీ ఏందో మీకు నేను చెప్పే పని లేదు. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, డిగ్రీల తెలుగు. రెండు జబాన్ల నడుమ నలభై ఏండ్లు దాటించినోన్ని, నాక్కూడా ఆ రెండు మాటలు ఒక్క తాన నిలబడి నవ్వుతయన్న ఖయాల్ రాలే. మార్చిల, రంజాన్ రెండో వారం, సహరీకి లేచిన పిల్ల ఫోన్ టార్చి కొట్టి చూసి "అబ్బా! గుడ్డూ గుడ్లు పెట్టిండు!" అని అరిచింది. రొట్టె చేస్తున్న బేగం చేతుల బేలన్ ఆగింది. "పెట్టిండు కాదమ్మా, పెట్టింది" అని నేను వ్యాకరణం సరిచేసిన. మా అమ్మీ మాత్రం నవ్వలే. "ఏక్ థీ, అబ్ తీన్ హో గయే" అన్నది. ఒకటుండె, ఇప్పుడు మూడైనయి అని.

గుడ్డూ మా ఇంటికి మెహమానుగ రాలే, మరీజుగ వచ్చింది. డిసెంబర్ల ఒక రాత్రి వెనక తలుపు మూస్తుంటే సందుల ఇరుక్కుంది. తోక తెగి కింద పడి తనంతట తనే కొట్టుకుంటున్నది, వెనక కాలొకటి వంగిపోయింది. తోకకు ఫికర్ లేదు, మళ్ల మొలుస్తది. కాకపోతే పాత తోక తీరుగ ఉండదు, లోపల ఎముకకు బదులు మెత్తటి మృదులాస్థి కడ్డీ వస్తది. కాలు సంగతే పరేషానీ. అది కుదరకుంటే గోడ ఎక్కలేదు, గోడ ఎక్కలేని చిప్కలీకి రిజ్ఖ్ ఎక్కడిది? పిల్ల దాన్ని తీసుకపోయి, ఎప్పుడో చేపలు సచ్చి ఖాళీగ పడున్న గాజు తొట్టిల పెట్టింది. మీద దోమజాలీ, లోపల ఒక ఇటుక ముక్క, సీసా మూతల నీళ్లు. "కాలు మంచిగైనంక వదిలేస్తా" అని వాదా చేసింది. ఎనిమిదో తరగతి పిల్ల వాదాకు ఎంత ఉమర్ ఉంటదో అమ్మానాయినలకు ఎరుకే. ట్యూబ్‌లైటు కింద రాలే పురుగులు, దోమలు, బొద్దింక పిల్లలు. రోజూ మగ్రిబ్ తర్వాత ఇంట్ల శికార్. నెల తిరిగేసరికి గుడ్డూ కుంటుకుంటనే గాజు మీదికి ఎక్కుడు మొదలువెట్టింది. చిప్కలీ అన్న మాటనే చిపక్నా నుంచి వచ్చింది, అంటే అతుక్కునుడు. జిగురు లేదు, ఏం లేదు. దాని వేళ్ల కింద కంటికి కనవడని సన్నటి రోమాలు లక్షల్ల ఉంటయి, ఆ రోమాలే గాజును పట్టుకుంటయి. అది ఎక్కింది. వదిలే మాట మాత్రం ఎవ్వలు ఎత్తలే.

ఇక్కడ మా అమ్మీ సంగతి చెప్పాలె. డెబ్బై దాటింది. అబ్బా సింగరేణిల చేసినన్ని రోజులు శ్రీరాంపూర్ క్వార్టర్లల్ల ఉన్నం. ఆ గోడల మీద ఆమె చప్పల్‌కు ఎన్ని చిప్కలీలు పోయినయో ఆ లెక్క ఖుదాకే తెలుసు. ఆమెకు అది గుస్సా కాదు, నేకీ. హదీసు ఉన్నది, బుఖారీలనూ ముస్లింలనూ ఉన్నది. ఉమ్మె షరీక్ (రజి) రివాయత్ ప్రకారం వజగ్‌ను చంపమని హుజూర్ (స) హుకుం. హజ్రత్ ఇబ్రాహీం (అలై)ను ఆగ్‌ల వేసినప్పుడు అది ఆ మంటను ఊదిందట. మొదటి దెబ్బకే చంపితే సవాబ్ ఎక్కువ, రెండో దెబ్బకు తక్కువ అని ఇంకో రివాయత్. మా నానీ ఈ కిస్సాను ఇంకింత పెంచి చెప్పేది. కప్ప నోట్ల నీళ్లు నింపుకొచ్చి మంట మీద ఉమ్మిందట, చిప్కలీ పక్కన నిలబడి ఊదిందట. చలికాలం రజాయిల దూరి వింటుంటే నాకు నమ్రూద్ కంటే చిప్కలీ మీదనే ఎక్కువ కోపం వచ్చేది. బాద్‌షా జాలిం అంటే అర్థమైతది. ఇంత పురుగుకు ఏం పోయేకాలం?

పక్కింటి అవ్వది ఇంకో లోకం. ఆమె తాన పంచాంగం ఉంటది, అందుల బల్లి పాటు ఫలితాలు. కుడి భుజం మీద పడితే ఒకటి, ఎడమ భుజం మీద పడితే ఒకటి, ఆడోళ్లకు వేరే, మొగోళ్లకు వేరే. కంచి వరదరాజస్వామి గుళ్లె బంగారు బల్లిని, వెండి బల్లిని ముట్టివచ్చినోళ్లకు దోషం అంటదని ఆమె నమ్మకం. మాట నడుమ బల్లి చిక్‌చిక్‌మంటె "ఇగో, సత్యం పలికింది" అని నేల మీద వేలు తట్టేది. గుడ్డూ గుడ్లు పెట్టిందని తెలిసి గోడ అవతల నుంచే "మంచిదే బిడ్డా, ఆడవిల్ల ఇల్లు" అన్నది. ఒకే గోడకు ఇటు దిక్కు చంపితే సవాబ్, అటు దిక్కు చంపితే పాపం. గోడ మీద నడిచే దానికి ఈ సరిహద్దు తెల్వది.

మా పత్రికలోళ్లకు కూడా బల్లితోని పాత రిష్తా ఉన్నది. బడి పప్పుల బల్లి పడ్డదని, పిల్లలు వాంతులు చేసుకున్నరని ఏడాదికి ఒకటి రెండు వార్తలు ఏదో ఒక మండలం నుంచి వస్తనే ఉంటయి. హెడ్డింగుల 'విషం' అన్న మాట తయారుగ కూసుంటది. మన ఇండ్లల్ల తిరిగే బల్లికి విషం లేదు. సాల్మొనెల్లా లాంటి క్రిములు దాని పొట్టల, రెట్టల ఉండొచ్చు, అందుకే అది పడ్డ కూర పారబోయాలె, దాన్ని ముట్టుకుంటే సబ్బుతోని చెయ్యి కడుక్కోవాలె. పిల్లకు నేను పెట్టిన షరతు కూడా ఇదొక్కటే.

సరే, గుడ్లు. రెండే రెండు, తెల్లగ, గుండ్రంగ, చిన్న బఠానీ గింజలోలె. గుడ్డూ ఒంటరిగ తొట్టిలకు వచ్చి మూడు నెలలైతున్నది. ఇంకో బల్లి మొఖం చూడలే. మరి ఈ గుడ్లు ఎక్కడియి? సర్కారీ కాలేజీల జువాలజీ చెప్పే దోస్తు ఒకడున్నడు, ఇఫ్తార్‌కు పిలిచిన. ఖజూర్ నోట్ల వేసుకుంటనే తొట్టి ముంగట కూసున్నడు. హెమిడాక్టిలస్ అన్నడు. ఆ ప్రజాతిల 150కి పైగా జాతులున్నయట, మన గోడల మీద తిరిగేటియి అందుల కొన్ని. ఈ ఆడబల్లులు ఒక్కసారి జత కూడితే మగదాని బీజాన్ని ఒంట్లనే నెలల తరబడి దాచుకోగలవట. వేడి, తిండి కుదిరినప్పుడు తీసి వాడుకుంటయి. ఓడలల్ల, లారీలల్ల సామాన్ల నడుమ ఒక్క ఆడబల్లి కొత్త ఊరికి చేరినా అక్కడ ఖాందాన్ మొదలుపెట్టగలదు. "మీ గుడ్డూ డిసెంబర్ల వచ్చినప్పుడే అమానత్ పట్టుకొని వచ్చింది" అన్నడు. అమానత్ అన్న మాట వాడు వాడలే, వాడు 'స్టోరేజ్' అన్నడు. నేను ఉర్దూ చేసుకున్న.

ఇంకోటి చూపించిండు. గుడ్డూ మెడకు అటిటు తెల్లగ ఉబ్బినట్టు ఉండె. పిల్ల నెల నుంచి అది గడ్డేమో, బీమారేమో అని ఏడుస్తున్నది. అది కాల్షియం సంచి అట, గుడ్డు పెంకు కోసం అందుల సున్నం జమ చేసుకుంటది. సన్నటి పొట్ట తోలుల నుంచి గుడ్లు తెల్లగ కనిపిస్తయి కూడా, చూసే కన్ను ఉంటె. బల్లి గుడ్డు బయటికి వచ్చేటప్పుడు మెత్తగ ఉంటది, గాలి తగిలినంక గట్టిపడతది. షహర్లల్ల షౌఖుకు పెంచే లెపర్డ్ గెకోల గుడ్డు అట్ల కాదు, తోలు తీరుగ మెత్తగనే ఉంటది, తడి లేకపోతే సొట్ట పోతది. ఆ ఖాందాన్ బల్లి మన దిక్కు కూడా ఉన్నది. తూర్పు కనుమల నుంచి ఒక కొత్త జాతిని 2022ల జీషాన్ మిర్జా, జ్ఞానేశ్వర్ అనే ఇద్దరు పరిశోధకులు లోకానికి చెప్పిండ్రు. ఫోటో చూసి మా అమ్మీ "ఏ తో దుల్హన్ హై" అన్నది. పసుపు, నలుపు మచ్చలు, కంటికి రెప్పలు కూడా. మన గోడబల్లికి రెప్పలు ఉండయి, నాలికతోని కన్ను తుడుచుకుంటది.

దోస్తు చెప్పిన జాగ్రత్తలు తక్కువే. గుడ్లను తల్లి తాన ఉంచొద్దు, పిల్లలైతే అదే తినేస్తది. వేరే డబ్బలకు మార్చాలె, మార్చేటప్పుడు ఏ పక్క పైన ఉన్నదో ఆ పక్కనే పైన ఉండాలె. పిల్ల మిఠాయి డబ్బల పొడి ఇసుక పోసి, మూతకు సూదితోని బెజ్జాలు కొట్టి, చెంచాతోని గుడ్లు ఎత్తిపెట్టింది. పెన్సిల్‌తోని ఒక్కోదాని నెత్తి మీద చిన్న చుక్క.

ఆ డబ్బ బావర్చీఖానాల తాఖ్ మీద పెట్టిన రోజే జగడం మొదలైంది. "చిప్కలీ కే అండే, రంజాన్ కా మహీనా, మేరే చూల్హే కే ఊపర్!" అమ్మీ గొంతు గల్లీ దాకా వినవడ్డది. ఫేంక్ దో అన్నది. పిల్ల డబ్బ మీద చెయ్యి వేసి నిలబడ్డది.

ఇక్కడ నేను కొంచెం ఎనకకు పోవాలె. దానికి పది రోజుల ముందు పిల్ల బడి నుంచి మొఖం వేలాడేసుకొని వచ్చింది. సోషల్ పీరియడ్ అయినంక పక్క బెంచి పిల్ల అడిగిందట, మీ తాతలు గుళ్లు కూలగొట్టిండ్రట గదా అని. ఆ పిల్లకు దుష్మనీ ఏం లేదు, ఎవ్వలో ఇంట్ల అన్నది బడికి తెచ్చింది, అంతే. మా పిల్ల నన్నడిగింది: "అబ్బా, మన తాత ఎవరు?" మీ తాత శ్రీరాంపూర్ బాయిల బొగ్గు నింపిండు బిడ్డా, మీ ముత్తాత రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్ అని చెప్పిన. గుడి కాదు గదా, సొంత ఇంటి గోడ కూలినా మళ్ల కట్టే పైసలు వాళ్ల తాన లేవు. ఈ సవాల్ నాకు కొత్త కాదు. చాయ్ హోటల్ల, ప్రెస్‌మీట్ అయినంక, నవ్వుకుంటనే అడిగేటోళ్లుంటరు. 1707ల సచ్చిపోయిన ఔరంగజేబు హిసాబు ఇయ్యాల నా తాన అడుగుతరు, ఆయన తాళంచెవి నా జేబుల మరిచిపోయిండన్నట్టు. నాకు అలవాటైంది. పదమూడేండ్ల పిల్లకు కాలే.

బావర్చీఖానాల డబ్బ మీద చెయ్యి పెట్టి పిల్ల దాదీని అడిగింది. "దాదీ, ఆగ్ మే ఫూంకీ సో ఇన్‌కీ నానీ కీ నానీ కీ నానీ. అండోం కా క్యా గునాహ్?" మంట ఊదింది వీటి అమ్మమ్మకు అమ్మమ్మకు అమ్మమ్మ, గుడ్ల తప్పేంది? అమ్మీ ఏదో అనబోయింది. పిల్ల ఆగలే, ఏడుపుల తెలుగులకు మారింది: "బళ్లె నన్ను గూడ ఇట్లనే అడుగుతున్నరు."

బడి సంగతి అమ్మీకి మేమెవ్వలం చెప్పలే. ఆమె నా మొఖం చూసింది. తర్వాత స్టవ్ బంద్ చేసి వజూకు పోయింది. డబ్బ తాఖ్ మీదనే ఉన్నది.

తరావీహ్ అయినంక మౌల్‌సాబ్‌ను అడిగిన. పిల్ల కోసం సగం, నా కోసం సగం. ఆయన కోపం చేయలే, నవ్వలే. హదీసు సహీ అన్నడు. ఉలమాలు దాన్ని ముస్తహబ్ అన్నరు, అంటే చేస్తే మంచిది, ఫర్జ్ కాదు. చేయకుంటే గునాహ్ లేదు. తర్వాత తనే ఇంకోటి తీసిండు. అదే బుఖారీల హజ్రత్ ఆయిషా (రజి) మాట ఉన్నదట. హుజూర్ దాన్ని చెడ్డదన్నట్టు విన్న గని చంపమన్నట్టు వినలేదని ఆమె అన్నదట. అబూ దావూద్‌ల ఇంకో కిస్సా. సఫర్‌ల సహాబాలు ఒక పిట్ట రెండు పిల్లలను పట్టుకుంటే ఆ తల్లి వచ్చి రెక్కలు కొట్టుకున్నది. పిల్లలను తీసి దాన్ని తకలీఫ్ పెట్టిందెవరు, వాపస్ పెట్టుండ్రి అని హుజూర్ అన్నరట. ఇవన్ని చెప్పి మౌల్‌సాబ్ చప్పల్ వేసుకున్నడు. ఏది చేయాలెనో చెప్పలే. ఆయనలో నాకు నచ్చింది అదే. హదీసును పక్కకు నెట్టే ఇల్మ్ నాకు లేదు, నెట్టాలనే జరూరత్ కూడా నాకు కనవడలే. ఒకరి బోఝా ఇంకొకరు మోయరనే మాట ఖురాన్‌ల ఐదు చోట్ల వస్తదని మాత్రం నాకు యాదికున్నది. ఉర్దూ బడిల ఉస్తాద్ లెక్కపెట్టించిండు. ఆ మాట మనుషుల గురించే అని తెలుసు. అయినా ఆ రాత్రి ఇంటికి నడుస్తుంటే నా దిమాగ్‌ల మనుషులు, గుడ్లు ఒక్క తాననే తిరిగినయి.

మౌల్‌సాబ్ చెప్పింది అమ్మీకి చెప్పిన. వినంగనే మెత్తబడలే. వినుకుంటనే తస్‌బీహ్ తిప్పింది. మూడు రోజులైనంక తాఖ్ దిక్కు చూసుకుంట అన్నది: "ఉల్టా కైకు నై కర్రే?" గుడ్లను ఎందుకు తిప్పుతలేరు అని.

క్వార్టర్లల్ల అమ్మీ కోళ్లు పెంచింది. పొదిగే కోడి రోజుకు ఎన్నోసార్లు గుడ్లను పొర్లిస్తది, లేకుంటే పిల్ల పెంకుకు అంటుకుంటది. 21 రోజులు ఆమెకు వేళ్ల మీద లెక్క. బల్లి, పాము, తాబేలు గుడ్లు దీనికి ఉల్టా. లోపలి పిండం మొదటి ఒకటి రెండు రోజులల్లనే పెంకు లోపలి పొరకు అతుక్కుంటది, ఆ తర్వాత తిప్పితే అది సచ్చిపోవచ్చు. అందుకే పెన్సిల్ చుక్క. పిల్ల ఇది చెప్తే అమ్మీ నమ్మలే. "అల్లా నే ముర్గీ కు ఏక్ బోలా, ఇస్‌కు ఏక్ బోలా?" అని బహస్ చేసింది. కాని కందీలు ముంగట గుడ్డు పెట్టి జాన్ ఉన్నదో లేదో చూసే ఇల్మ్ ఆమెదే. పిల్లకు అది తెల్వది. గుడ్డును ఎత్తకుండ, లైట్లన్ని బంద్ చేసి, ఫోన్ టార్చిని పక్కకు ఆనిచ్చి చూడమన్నది. పెంకు గులాబీ రంగుల వెలిగింది. లోపల సన్నటి ఎర్ర దారాలు, అల్లుకున్న వేళ్లలాగ. రెండో గుడ్డుల దారాలు లేవు, ఒట్టి పసుపు. అమ్మీ రెండోదాని సంగతి అప్పుడే తెలిసిపోయినట్టు నాలుక చప్పరించింది, పిల్లకు మాత్రం చెప్పలే.

ఈద్ అయిపోయింది. ఎండలు ముదిరినయి. మంచిర్యాల ఎండ తెలిసినోళ్లకు చెప్పేదేముంది. కింద బొగ్గు, మీద సూర్యుడు, ఏప్రిల్ ఆఖరుకే 44, 45. కూలర్ వేడిగాలినే తిప్పుతది. బావర్చీఖానాల థర్మామీటర్ పెట్టి చూస్తే మధ్యాహ్నం 39. గుడ్డు అంతసేపు అంత వేడి మోయలేదు. దోస్తును ఫోన్‌ల అడిగితే 30 దగ్గర ఉంచుండ్రి అన్నడు. వేడి సంగతి ఎత్తినంక వాడు ఊకోడు కదా. లెపర్డ్ గెకో గుడ్లను 26 డిగ్రీల దగ్గర ఉంచితే దాదాపు అన్ని ఆడపిల్లలే, 32 దగ్గర ఉంచితే ఎక్కువ మొగపిల్లలట. మన జైపూర్ మండలం శివ్వారం కాడ, గోదారి ఎల్ మడుగుల ఉండే మొసళ్లు కూడా అంతే. ఇసుకల పెట్టిన గుడ్డు ఆడో మగో ఆ ఇసుక వేడే ఫైసలా చేస్తది.

ఫ్రిజ్ కుదరదు. ఏసీ మా ఇంట్ల లేదు. పిల్ల డబ్బ పట్టుకొని రూము రూము తిరుగుతున్నది, కుదుపులకు గుడ్లు దొర్లుతయని భయం ఒక దిక్కు. ఒక జొహర్ వేళ నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి డబ్బ తాఖ్ మీద లేదు. గుండె ఝల్లుమన్నది. చూస్తే వరండాల రంజన్ స్టాండు కింద ఉన్నది, తడి గోనెసంచి నీడల, రెండు ఇటుకల నడుమ. రంజన్ చెమట పట్టే చోటు, ఇంట్ల అన్నిటికంటె చల్లటి జాగ. థర్మామీటర్ పెడితే 31. బేగం చేసిందనుకున్న. బేగం తల అడ్డంగ ఊపి అమ్మీ రూము దిక్కు కండ్లతోని చూపించింది. అమ్మీని అడిగితే "మేరే చూల్హే కే ఊపర్ సే హటాయీ, బస్" అన్నది. నా పొయ్యి మీది నుంచి తీసిన, అంతే.

మే నడుమల, యాభై మూడో రోజు. ఫజర్ వజూకు నీళ్లు ముంచబోయిన అమ్మీనే ముందు చూసింది. పెంకు రెండు చెక్కలైంది, ఇసుక మీద రెండు అంగుళాలు కూడ లేని పిల్ల, తోకతో కలిపి. కండ్లే సగం తల. పిల్లను లేపడానికి అమ్మీ గట్టిగ పిలవలే, భుజం తట్టింది. రెండో గుడ్డును పిల్ల జూన్ దాకా ఉంచింది. తొంభై రోజులైనంక అది సొట్టపడ్డది. పెరట్ల మెహందీ చెట్టు మొదట్ల చెంచాతోని తవ్వి పెట్టింది, ఎవ్వలను పిలవలే.

పుట్టిన దాన్ని అదే రాత్రి వరండా గోడ మీద వదిలింది. గుడ్డూను వారం తర్వాత, బల్బు కాడ. కుంటుకుంటనే మీటర్ డబ్బ ఎనకకు పోయింది. గాజు తొట్టి మళ్ల ఖాళీ.

అమ్మీ మారిందని నేను అనను. చప్పల్ ఇంకా ఆమె మంచం కిందనే ఉంటది, హదీసు ఆమెకు హదీసే. మొన్న రాత్రి బావర్చీఖానాల గోడ మీద ఒక చిప్కలీ కనవడ్డది. అమ్మీ చప్పల్ తీసింది, చెయ్యి లేపింది, ఆగింది. లోపలి రూముల హోంవర్కు చేసుకుంటున్న మనవరాలిని పిలిచి అడిగింది: "ఏ జీ, ఏ అప్నీ హై క్యా?" ఇది మనదేనా అని.

పిల్ల లేవలే, తల కూడ ఎత్తలే. "హౌ దాదీ, అప్నీచ్ హై" అన్నది.

ఇప్పటిదాకా ఇట్ల నాలుగుసార్లు అడిగింది. నాలుగూ మావే.